రెండు చెట్ల షీటు

సోమవారం ఉదయం పదిన్నరకు ఆ వ్యాసం బయటికొచ్చింది. పదకొండు కొట్టేసరికి హెర్బేరియం క్యూరేటర్ దాన్ని రెండుసార్లు చదివింది. వ్యాసం ప్రకారం, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక కొండచెట్టుకు ఉన్న పేరు ఇకనుంచి ఆ చెట్టుకు చెల్లదు. చివర కృతజ్ఞతలు చెప్పిన చోట క్యూరేటర్ పేరు కూడా ఉంది. షీటు ఫోటో పంపినందుకు.

ఆ షీటు హెర్బేరియం రెండో అంతస్తులో, ఎండబెట్టిన మొక్కలు దాచే ఇనప బీరువాల్లో ఒకదానిలో ఉంది. ఎవరైనా ఒక మొక్కకు కొత్త పేరు పెడితే, ఆ పేరు ఫలానా ఎండు కొమ్మది అని చూపించాలి. ఆ కొమ్మను అతికించిన షీటు ఎర్ర ఫోల్డరులో ఉంటుంది. తర్వాత ఎప్పుడు తగువొచ్చినా పుస్తకాలు కాదు, ఆ షీటే సాక్ష్యం. ఈ షీటు మీద ఒక కొమ్మ, ఏడు ఆకులు, కొన్ని మొగ్గలు ఉన్నాయి. పైన కుడి మూల మడతపెట్టిన కాగితం పొట్లంలో ఒక కాయ ఉంది. కింద లేబులు మీద పాత డైరెక్టరు చేతిరాత.

మొక్కల లాటిన్ పేర్లలోనూ మన పేర్లలోలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. ఈ చెట్టు సొంతపేరు ‘ఉడతే’. ఉడత అని అందరూ పిలిచిన మనిషి గుర్తుగా పాత డైరెక్టరు అలా పెట్టాడు. ఉడత ఈ సంస్థలో చెట్లెక్కి కొమ్మలు కోసే ఉద్యోగి. ఈ కొమ్మ కోసిన రోజే, ఈ చెట్టు మీదినుంచే పడి చనిపోయాడు. పేరు అచ్చయ్యాక పరదేశపు శాస్త్రవేత్త ఒకాయన, ఈ కాయల్ని ఉడతలు ఇష్టంగా తింటాయా అని రాసి అడిగాడు. పాత డైరెక్టరు ఆ సంగతి పదవీ విరమణ రోజు దాకా చెప్పి నవ్వేవాడు.

క్యూరేటర్ వ్యాసాన్ని అచ్చు తీసి, మడిచి, టేబులు సొరుగులో పెట్టింది. మెట్లు దిగి అతికింపు గదికి వెళ్ళింది.

అతికింపు గదిలో పనిచేసే ఆమెను సంస్థలో జిగురక్క అంటారు. ఉడత కూతురు. తండ్రి పోయినప్పుడు పదేళ్ళది. పద్దెనిమిది నిండగానే ఆయన ఖాతాలో ఈ ఉద్యోగం ఇచ్చారు. క్యూరేటర్ వెళ్ళేసరికి ఆమె గాజు పలక మీద బ్రష్షుతో జిగురు పరుస్తోంది. ఎండిన ఆకుకు బ్రష్షు ఆనితే విరుగుతుంది. అందుకని జిగురు ఆకుకు రాయరు; పలకకు రాసి, మొక్కను దానిమీద పడుకోబెట్టి, పట్టకారుతో లేపి షీటు మీదికి దించుతారు. లావు కాడలను దారంతో కుట్టి వెనక ముడివేస్తారు. ఒక ఆకునైనా బోర్లా తిప్పి అతికించాలి. లేకపోతే దాని వెనక ఏముందో తర్వాతివాళ్ళకు తెలియదు.

జిగురక్క క్యూరేటర్‌ను నలుగురిలో మేడం అంటుంది. ఇద్దరే ఉంటే అక్కా అంటుంది.

“శుక్రవారం కుర్చీలుంటాయా అక్కా? అమ్మ నిలబడలేదు.”

“ఉంటాయి.”

“ముందు వరసలోనా?”

“చూద్దాం.”

“చూద్దాం అంటే లేనట్టే. మా ఆయన కూడా ఇల్లు మారుద్దామంటే చూద్దామంటాడు. పదేళ్ళయింది.”

శుక్రవారం కింది హాల్లో కొత్త ప్రదర్శన తెరుస్తున్నారు. సంస్థవాళ్ళు కనిపెట్టిన మొక్కల అసలు షీట్లను అద్దాల పెట్టెల్లో పెడతారు. వాటిలో ఉడత షీటు ఒకటి. జిగురక్క తల్లికి ఆ షీటును ఇంతవరకు ఎవరూ చూపించలేదు. ఎర్ర ఫోల్డర్లున్న గదిలోకి బయటివాళ్ళను రానివ్వరు. జిగురక్క తల్లికి కొత్త కళ్ళజోడు చేయించింది. తల్లి రెండు రోజులుగా, ఆ పేరు లాటిన్‌లో రాసి ఉంటే నేనెలా చదవనే అని అడుగుతోందట. చదవక్కర్లేదమ్మా, నేను వేలుపెట్టి చూపిస్తాను అందట ఈమె.

క్యూరేటర్ స్టూలు మీద కాసేపు కూచుంది. ఇసుక సంచులు రెండు అందించింది. జిగురక్క వాటిని అతికించిన కాడ మీద బరువు పెట్టింది. తర్వాత క్యూరేటర్, పైన పనుందని లేచింది.

*

వ్యాసంలోని సంగతి ఆమెకు కొత్త కాదు. ఫిబ్రవరిలోనే తెలుసు.

ఫిబ్రవరిలో ఆ ఇంటిపేరున్న చెట్లన్నిటినీ సరిచూస్తూ ఆమె ఎర్ర ఫోల్డరు తెరిచింది. ఒక మొగ్గను, పొట్లంలోని కాయను మరిగే నీళ్ళలో మెత్తబరిచింది. మొగ్గను సూక్ష్మదర్శిని కింద బ్లేడుతో అడ్డంగా కోసింది. పిందె కట్టే భాగంలో గదులు మూడు. కాయను కోసింది. గదులు ఐదు. మూడు గదుల మొగ్గ ఐదు గదుల కాయ కాదు. షీటు మీద ఉన్నది ఒక చెట్టు కాదు, రెండు.

ఇన్నేళ్ళూ ఎవరూ ఆ కాయను కోయలేదు. ఒకటే కాయ. పైగా అది చెట్టు మీదినుంచి కోసుకొచ్చింది కాదు. పడిపోయిన ఉడత పిడికిట్లోంచి పాత డైరెక్టరు తీసింది. ఆ కాయ కోసం చెయ్యి చాచి పట్టు తప్పాడని ఆయన సంతాప సభలో చెప్పాడు. ఆ మాటే నిలిచిపోయింది. కాయ వాలకం చూసి ఆయన చెట్టుకు ఇంటిపేరు పెట్టాడు. ఆకులు ఆ ఇంటివాటిలా లేవు కనుక కొత్త చెట్టు అన్నాడు.

కోసి చూస్తే అది డబ్బాచెట్టు కాయ. సరుకుల పెట్టెలకు చెక్క కోసే చెట్టు అది. రోడ్ల పక్కన కూడా ఉంటుంది. కొమ్మ మాత్రం వేరే ఇంటిది, నిజంగానే అప్పటిదాకా ఎవరూ పేరు పెట్టనిది.

క్యూరేటర్ ఆ రోజు అక్కడ ఉంది. అప్పుడే ఉద్యోగంలో చేరింది. కొమ్మ ముందు కిందికి వచ్చింది, ఏరుకున్నది ఆమే. తర్వాత మనిషి పడ్డాడు. పక్కనే ఇంకో చెట్టు, రెండింటి కొమ్మలూ ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుని ఉన్నాయి. సగానికి కోసిన కాయను ముందు పెట్టుకుని ఆమె ఈ ముక్కలన్నీ మొదటిసారి ఒకచోట చేర్చింది. ఉడత కాయ కోసం వెళ్ళలేదు. కావలసిన కొమ్మ అప్పటికే కోసేశాడు. దిగబోతూ జారి, పక్క చెట్టును పట్టుకోబోయాడు. చేతిలోకి వచ్చింది కాయ ఒక్కటే.

ఇలాంటి షీటు బయటపడితే ఏం చేయాలో నియమం ఉంది. రెండు చెట్ల మీద ఒక పేరు నిలవదు. పాత వర్ణనకు ఏ ముక్క దగ్గరగా ఉందో చూసి, పేరు దానిదని కారణంతో సహా అచ్చులో చెప్పాలి. సరిగా చెప్పిన మొదటి మాటకు తర్వాతివాళ్ళు కట్టుబడాలి. పాత డైరెక్టరు ఆకు గురించి ఎంత రాశాడో కాయ గురించి అంత రాశాడు. రెండు వాదనలూ నిలబడేవే. పేరును కొమ్మకు కడితే చెట్టుకు ఇంటిపేరు మారుతుంది, ఉడత పేరు ఉంటుంది. కాయకు కడితే, డబ్బాచెట్టుకు నూరేళ్ళ కిందటే పేరుంది. ముందు పుట్టిన పేరే నెగ్గుతుంది. ఉడత పేరు దాని కింద మారుపేరుగా పడి ఉంటుంది.

క్యూరేటర్ కొమ్మకు కట్టాలనుకుంది. నాలుగు పేజీలు రాసింది. ఐదో పేజీలో కాయ ఎలా వచ్చిందో చెప్పాలి. చనిపోయిన మనిషి పడుతూ పట్టుకున్న కాయ అని రాయాలి. రాసింది అచ్చయితే అతికింపు గదికి తెలుస్తుంది. మా నాన్న ఆ కాయ కోసం ప్రాణం ఇచ్చాడు అని జిగురక్క కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులందరికీ చెప్పడం ఆమె ఇరవై ఏళ్ళుగా వింటోంది. ప్రదర్శన అయ్యాక చూద్దామనుకుంది. ప్రదర్శన మార్చి నుంచి జూన్‌కు, జూన్ నుంచి ఆగస్టుకు వాయిదా పడింది.

ఏప్రిల్‌లో ఇంకో సంస్థలో పనిచేసే ఒక కుర్రాడు మెయిల్ పంపాడు. ఇది వీళ్ళలో మర్యాద. ఒకరి చేతిలో ఉన్న మొక్క జోలికి ఇంకొకరు అడక్కుండా పోరు. ఆ చెట్టు మీద మీ దగ్గర ఎవరైనా పనిచేస్తున్నారా, చేస్తుంటే నేను పక్కకు తప్పుకుంటాను అని రాశాడు. పని చేస్తున్నామంటే, ఏం చేస్తున్నారని అడుగుతాడు. ఎవరూ చేయడం లేదు అని ఆమె జవాబిచ్చింది. ఫోటో కావాలన్నాడు, పంపింది. పొట్లం మూసి ఉన్న ఫోటో.

అతను కొండకు వెళ్ళాడు. కొమ్మ చెట్టును వెతికి, దాని కాయలు తెచ్చాడు. వాటిలో గదులు మూడు. పాత వర్ణనలో కాయకు ఐదు గట్లు అని ఉంది; గట్టుకొక గది. పొట్లం తెరవకుండానే లెక్క తేలింది. చెట్టుకు ఇంటిపేరు వచ్చింది కాయను బట్టే కనుక పేరు కాయదే అని తేల్చాడు. అదే వ్యాసంలో కొమ్మ చెట్టుకు కొత్త పేరు పెట్టాడు.

*

మంగళవారం డైరెక్టరు పిలిచాడు. వ్యాసం అచ్చు ఆయన టేబులు మీద ఉంది. ఆయన వయసులో క్యూరేటర్ కంటే చిన్నవాడు, ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. నిలబడే మాట్లాడాడు.

“మనింట్లో ఏముందో పక్కింటివాళ్ళు చెప్తే తెలిసింది మనకి.”

నాకు ముందే తెలుసని క్యూరేటర్ చెప్పింది. ఎప్పుడని అడిగాడు. చెప్పింది. ఆయన కుర్చీ లాక్కుని కూచున్నాడు.

“రాశారా?”

“సగం.”

“సగం రాస్తే రాసినట్టు కాదు కదండీ.”

కాదని ఆమె ఒప్పుకుంది. ఆయన తర్వాతి సంగతులు మాట్లాడాడు. చెల్లని పేరున్న షీటును ప్రదర్శనలో పెడితే చూడ్డానికి వచ్చేవాళ్ళలో తెలిసినవాళ్ళు నవ్వుతారు. ఆ పెట్టెలో ఇంకో షీటు పెట్టాలి. ఉడత కుటుంబాన్ని పిలిచారు కనుక వాళ్ళు రావచ్చు, కూచోవచ్చు. కూతురికి ఎవరో ఒకరు చెప్పాలి. కావాలంటే ఆఫీసు నుంచి ఒక నోటు పంపిస్తానన్నాడు.

“వద్దు. నేనే చెప్తాను.”

“ఇవాళేనా?”

“రేపు.”

డైరెక్టరు వ్యాసం అచ్చును మడిచి పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్తకు చెప్పింది. ఆయన లెక్కల మాస్టారుగా చేసి మానుకున్నాడు. కూరగాయలు తరుగుతూ విన్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా అన్నాడు. తరిగిన ముక్కలు గిన్నెలో వేసి, మళ్ళీ ఆయనే అందుకున్నాడు.

“ఆ అబ్బాయి తప్పేం చేశాడు?”

“ఏమీ చేయలేదు. అడిగే చేశాడు.”

“నువ్వు?”

“ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు.”

“ఇప్పుడొస్తుందా?”

ఆమె పొయ్యి వెలిగించింది. ఆయన కత్తి కడిగి పక్కన పెట్టి, పేపరు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళాడు.

*

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యూరేటర్ అతికింపు గది తలుపు దగ్గరగా వేసింది. జిగురక్క ఒక లావు కాడను కుడుతోంది. చేతిపని ఆపమని క్యూరేటర్ అనలేదు. వ్యాసం సంగతి, గదుల సంగతి, డబ్బాచెట్టు సంగతి వరసగా చెప్పింది. తాను ఫిబ్రవరిలో చూసిందని ఇంకా చెప్పలేదు.

జిగురక్క సూదిని షీటు కిందినుంచి పైకి తీసింది.

“అయితే కాయ నాన్న ఎక్కిన చెట్టుది కాదు.”

“కాదు. పక్కదానిది.”

“కాయ కోసం చెయ్యి చాపలేదన్నమాట.”

“నేననుకోవడం, పడుతూ పట్టుకున్నాడని.”

జిగురక్క షీటును తిరగేసి ముడి వేసింది. దారం కొస కత్తిరించింది.

“పడేవాడు చేతికందింది పట్టుకుంటాడు కదక్కా. మా అమ్మ మొదటిరోజు నుంచీ అదే అంటుంది. కాయ కోసమని చెప్పింది మీ పెద్దాయన. అంతమందిలో మైకు పట్టుకుని చెప్పాడు, కాదంటే బాగుండదని అమ్మ ఊరుకుంది.”

“నువ్వు అందరికీ అదే చెప్తావు.”

“వాళ్ళకి అదే నచ్చుతుంది. కొత్త పిల్లలు వచ్చి మీ నాన్న ఎలా పోయాడని అడుగుతారు. కాలు జారి పోయాడంటే అయ్యో అని వెళ్ళిపోతారు. కాయ కోసం పోయాడంటే షీటు వెతుక్కుని చూస్తారు.”

క్యూరేటర్ స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. కిటికీ అవతల ఎవరో నీళ్ళ పైపు ఈడ్చుకుపోతున్నారు. తర్వాత జిగురక్క, పేరు కొమ్మకి ఎందుకివ్వలేదని అడిగింది. కొమ్మ నాన్న కోసిందే కదా అంది.

ఇవ్వచ్చు అని క్యూరేటర్ చెప్పింది. ముందు అచ్చువేసినవాళ్ళ చేతిలో ఉంటుంది అది. ఆ కుర్రాడు కాయకిచ్చాడు. అతనికంటే ముందు ఎవరైనా రాసి ఉంటే కొమ్మకే ఇచ్చేవాళ్ళు. ఇంటిపేరు మారేది, పేరు ఉండేది.

“పెళ్ళయిన ఆడపిల్లలాగా.”

“అలాగే.”

“మరి మనవాళ్ళెవరూ చూడలేదా?”

“నేను చూశాను.”

“ఎప్పుడు?”

“ఫిబ్రవరిలో.”

జిగురక్క సూదిని పిన్నుల దిండుకు గుచ్చింది. వేళ్ళకంటిన జిగురును బొటనవేలితో రుద్ది ఉండలు చేసి టేబులు అంచున పెట్టింది. వాటిని అక్కడే వదిలి, ఎందుకు రాయలేదని అడిగింది.

“నీకు బాధ కలుగుతుందని.”

“నన్నడిగారా?”

“లేదు.”

“రోజూ ఇక్కడే కూచుని తింటున్నాం. ఒక్క మాట అడిగి ఉంటే కొమ్మ అని చెప్పేదాన్ని. ఇందులో బాధపడేదేముంది మేడం?”

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. జిగురక్క పలక తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి కడిగింది. పాత జిగురు గాజుకు పట్టుకుపోయింది. బ్లేడుతో గీకుతూ, వెనక్కి తిరక్కుండానే, శుక్రవారం పెట్టెలో అది ఉండదు కదా అంది. ఉండదని క్యూరేటర్ చెప్పింది. అమ్మకు నేను చెప్పుకుంటాను అంది జిగురక్క.

*

గురువారం ఉదయం క్యూరేటర్ రెండు మార్గాలు ఆలోచించుకుని వచ్చింది.

మొదటిది పేర్ల కమిటీ. బాగా వాడుకలో ఉన్న పేరు నియమాల వల్ల పోతుంటే, దాన్ని కాపాడమని కమిటీని అడగవచ్చు. రైతులు, వైద్యులు, వ్యాపారులు వాడే పేర్లను వాళ్ళు అలా నిలబెడతారు. ఈ పేరు రెండు పుస్తకాల్లో, ఒక షీటు మీద తప్ప ఎక్కడా లేదు. జిగురక్క అంతా విని, అంటే వాళ్ళు ఒప్పుకోరు అంది. క్యూరేటర్ అవునంది.

రెండోది చెప్పడానికి ఆమె ఒక ఫోల్డరు తెచ్చింది. పోయిన ఏడాది దొరికిన ఒక సన్నని పాదు. ఇంకా పేరు లేదు. దానికి ఉడత పేరు పెడతానంది. ఈసారి నెలలోపే రాస్తానంది.

జిగురక్క షీటు చూసింది. అతికించింది ఆమే. ఆకుల్లో ఒకటి బోర్లా ఉంది.

“ఆయన ఎక్కని దానికి ఆయన పేరెందుకు మేడం? పాదు కదా ఇది. దీన్నెవరెక్కుతారు?”

అని నవ్వింది కూడా. క్యూరేటర్ ఫోల్డరు మూసింది.

మధ్యాహ్నం ఉడత షీటు అతికింపు గదికి వచ్చింది. పేరు మారినా షీటు మీది పాత లేబులు తీయరు, కొట్టేయరు. కొత్త పేరు చీటీ మీద రాసి, దాని పక్కన అతికిస్తారు. చీటీ మీద పేరు, రాసినవాళ్ళ పేరు, తేదీ ఉండాలి. పాత చీటీలు నాలుగైదు ఉన్న షీట్లు కూడా ఉన్నాయి. ఈ షీటు మీద ఇంతవరకు ఒక్కటీ లేదు.

క్యూరేటర్ చెరగని సిరా పెన్నుతో రెండు చీటీలు రాసింది. ఒకటి కాయ పొట్లం పక్కకు. అందులో డబ్బాచెట్టు లాటిన్ పేరు. రెండోది కొమ్మ పక్కకు. అందులో కుర్రాడు పెట్టిన పేరు. జిగురక్క రెండోదాని మీద వేలు ఆనించకుండా చూపించి, దీనర్థం ఏమిటని అడిగింది.

“ఆకు వెనక తుప్పురంగు నూగు ఉంటుంది. దాన్ని బట్టి పెట్టాడు.”

“తుప్పా?”

“తుప్పురంగు.”

జిగురక్క బోర్లా ఉన్న ఆకును భూతద్దం పెట్టి చూసింది. ఉంది అంది. చీటీల వెనక జిగురు రాసింది. చీటీని దాని ముక్కకు బారెడు దూరంలో పెట్టకండి, ఏది దేనిదో తెలియాలి అని క్యూరేటర్ ఎవరికైనా చెబుతుంది; ఈసారి చెప్పలేదు. జిగురక్క చీటీలు పెట్టి, పైన మైనపు కాగితం కప్పి, ఇసుక సంచులు పెట్టింది. ఆరాక పంపిస్తాను మేడం అంది. భోజనం డబ్బా తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళింది. క్యూరేటర్ తన డబ్బాను పైకి తీసుకెళ్ళింది.

*

శుక్రవారం జిగురక్క తల్లి వచ్చింది. కూతురు సంగతంతా ఇంట్లో చెప్పే తీసుకొచ్చింది. హాల్లో వాళ్ళకు రెండో వరసలో కుర్చీలు దొరికాయి. ప్రసంగాలు మొదలు కావడానికి ఇంకా టైముంది. క్యూరేటర్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, షీటు చూస్తారా అమ్మా అని అడిగింది. పైకి బయటివాళ్ళు రాకూడదు కనుక తానే కిందికి తెచ్చింది. అతికింపు గదిలో దీపం కింద పెట్టి ఫోల్డరు తెరిచింది.

తల్లి కళ్ళజోడు సర్దుకుంది. లేబులు దగ్గర జిగురక్క వేలు పెట్టింది. ఇదమ్మా నాన్న పేరు అంది. తల్లి దాన్ని ఎక్కువసేపు చూడలేదు. ఆయన కోసింది ఏదని అడిగింది. జిగురక్క కొమ్మ చూపించింది. కోసిన చోటు ఏటవాలుగా, ఒకే వేటుకు తెగి ఉంది.

“ఒక్క దెబ్బకే కొట్టేవాడు. ఇంట్లో కట్టెలు కూడా అంతే,” అంది తల్లి.

తర్వాత క్యూరేటర్ వైపు తిరిగింది.

“మీరు అక్కడే ఉన్నారటగా.”

“ఉన్నానమ్మా. చెట్టు కిందే.”

“ఇన్నేళ్ళలో అడగలేదు నేను. మీ పెద్దాయన చెప్పేశాడు కదా అని. ఏమన్నా అన్నాడా?”

క్యూరేటర్ కుర్చీ జరిపింది. తల్లి కూచోలేదు.

“కొమ్మ కోసి విసిరే ముందు, కళ్ళు మూసుకోండమ్మా, చెత్త రాలుతుంది అన్నాడు. అదే ఆఖరి మాట.”

“తర్వాత?”

“మూసుకున్నాను. కొమ్మ పడ్డ చప్పుడైంది. కళ్ళు నులుముకుంటూనే కొమ్మ ఏరుకున్నాను. వెనక రెండో చప్పుడైంది. తిరిగి చూసేసరికి కింద ఉన్నాడు.”

“అయితే చూడలేదు.”

“చూడలేదు.”

“పెద్దాయన?”

“ఆయన జీపు దగ్గరున్నాడు.”

జిగురక్క తల ఎత్తి క్యూరేటర్‌ను చూసింది. తల్లి కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అయితే ఎవరూ చూడలేదన్నమాట అంది. కొమ్మను ఇంకోసారి చూసింది. హాల్లో మైకు సరిచేస్తున్న శబ్దం వినిపించింది. కుర్చీలు పోతాయి పదమ్మా అని జిగురక్క తల్లి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వస్తాం మేడం అంది.

క్యూరేటర్ ఫోల్డరు మూసి రెండో అంతస్తుకు వెళ్ళింది. షీటు ఇన్నేళ్ళూ ఉన్న అరలో ఇప్పుడు దాని పేరు లేదు. పేరు కాయదని తేలింది కనుక షీటు డబ్బాచెట్టు అరలోకి పోవాలి. డబ్బాచెట్టు షీట్లు ఒక బీరువా నిండా ఉన్నాయి. పై అరలో చోటు లేదు. ఆమె రెండు దొంతరలు తీసి కింది అరలోకి మార్చింది. ఖాళీ అయిన చోట ఎర్ర ఫోల్డరును అడ్డంగా పెట్టింది. తలుపు మూసుకోలేదు. మూడో దొంతర కూడా దించింది. తలుపు మూసుకుంది. తాళం వేసింది.